ఇంట్లో మీ భాష మానకండి

నర్సరీలో చేరగానే ఇంట్లోనూ ఇంగ్లిషే మాట్లాడాలా? రెండు మూడు భాషలు వినిపిస్తే పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయా? ఏ ఆలస్యాన్ని ఓపికగా చూడాలి, దేన్ని వెంటనే డాక్టరుకి చూపించాలి?

జూన్ నెల వచ్చిందంటే మా పిల్లల ఓపీలో జ్వరాలు, విరేచనాల మధ్య ఇంకో ఫిర్యాదు కూడా వరుసలో నిలబడుతుంది. "మేడమ్, వీడికి మూడేళ్ళు నిండాయి. నర్సరీలో వేశాం. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, అక్కడ నోరు విప్పడట. ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమని మిస్ చెప్పింది. మాట్లాడమంటారా?"

దసరా సెలవుల నాటికి ప్రశ్న కాస్త మారుతుంది. "మూణ్నెల్ల నుంచి ఇంగ్లిషే మాట్లాడుతున్నాం మేడమ్. అయినా రావడం లేదు. పైగా తెలుగు కూడా తగ్గించేశాడు."

ఇప్పుడైతే నా జవాబు ఒక్కటే. మీకు ఏ భాషలో నోరు బాగా తిరుగుతుందో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. ఇంగ్లిషు నేర్పే పని బడిది. 'ఇప్పుడైతే' అనడానికి కారణం ఉంది. ఒకప్పుడు నేనే దీనికి ఉల్టా సలహా ఇచ్చాను.

నేను చేసిన పొరపాటు

పదిహేనేళ్ళ కిందటి మాట. ఎండీ పూర్తయి కొద్దికాలమే అయింది. ఉక్కునగరం నుంచి ఒక జంట మూడేళ్ళ బాబుని తీసుకొచ్చారు. తండ్రిది విజయనగరం వైపు, స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. తల్లిది బరంపురం, ఒడియా ఆమె. తండ్రి బాబుతో తెలుగు మాట్లాడతాడు, తల్లి ఒడియా. కింద ఆడుకునే పిల్లలతో హిందీ. అప్పుడే ఇంగ్లిషు మీడియం నర్సరీలో చేర్చారు. బాబు రెండు మూడు మాటలు కలిపి చెప్తున్నాడు కానీ ఈ వయసుకి వాళ్ళ అక్క మాట్లాడినంతగా లేదని దిగులు.

బాబు నా స్టెతస్కోపు పట్టుకుని లాగాడు. చెప్పిన పని చేశాడు. కిటికీలోంచి కాకిని వేలు పెట్టి చూపించి, నేను చూశానా లేదా అని నా మొహం వైపు తిరిగాడు. వినికిడి పరీక్ష బాగానే వచ్చింది. కాస్త ఆలస్యంగా మాటలు వచ్చే పిల్లవాడు, అంతే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఇన్ని భాషలైతే పిల్లాడు తికమక పడతాడమ్మా. స్కూల్లో ఎలాగూ ఇంగ్లిషే కాబట్టి ఇంట్లో కూడా అదొక్కటే పెట్టుకోండి" అనేశాను. ఏ పుస్తకంలో చదివి చెప్పావని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. సీనియర్లు అంటుంటే విన్నాను, నేనూ అన్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఆ తల్లి బాబుకి జ్వరమని వచ్చింది. మందులు రాశాక లేవకుండా కూర్చుంది. "మేడమ్, మీరు చెప్పినట్టే చేస్తున్నాను. కానీ నాకు ఇంగ్లిషులో కమ్, సిట్, ఈట్, డోంట్ తప్ప ఎక్కువ రావు. రోజంతా అవే అంటున్నాను." పడుకోబెట్టేటప్పుడు పాడే పాటలు మానేసిందట. కథలు ఒడియాలోనే వచ్చు కాబట్టి అవీ మానేసింది. బరంపురం నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే బాబు ఒక నిమిషం విని, ఫోన్ తండ్రి చేతిలో పెట్టేస్తున్నాడు.

తల్లి నోట్లోంచి రోజూ వచ్చే వేల మాటలు నాలుగు ఆజ్ఞలకి కుదించుకుపోయాయి. అది నా చీటీ వల్ల జరిగింది. ఆ రోజు తప్పు ఒప్పుకుని, మళ్ళీ ఒడియాలోనే మాట్లాడమని చెప్పాను. బాబు కొద్ది నెలల్లో మాటల్లో పడ్డాడు, చదువులోనూ ఏ ఇబ్బందీ రాలేదు. ఒడియా మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. అమ్మమ్మ చెప్పింది అర్థమవుతుంది, జవాబు తెలుగులో ఇస్తాడు.

తికమక ఎవరికి?

ఈ ఊరికి చాలా భాషలు కొత్తేమీ కాదు. 1933లో ఓడరేవు మొదలైన నాటి నుంచి బెంగాలీలు, ఒడియా వాళ్ళు, తమిళులు, మార్వాడీలు వస్తూనే ఉన్నారు. తర్వాత షిప్‌యార్డు, నేవీ, స్టీల్‌ప్లాంటు. నేను పెరిగిన క్వార్టర్లలో ఒకే మెట్ల మీద నాలుగు భాషలు వినిపించేవి. మేం ఆడుకుంటున్నప్పుడు ఎవరి అమ్మ పిలిస్తే వాళ్ళు వాళ్ళ భాషలో అరిచి జవాబు చెప్పి, మళ్ళీ ఆటలోకి వచ్చేవాళ్ళు. ఎవరూ తికమక పడినట్టు గుర్తు లేదు.

రెండు భాషలు బిడ్డ బుర్రకి బరువు అనే నమ్మకం ఒకప్పుడు పాశ్చాత్య దేశాల పరిశోధకుల్లోనూ గట్టిగా ఉండేది. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేళ్ళ పిల్లల మీద అధ్యయనం చేసి, రెండు భాషల పిల్లలు వెనకబడకపోగా చాలా పరీక్షల్లో ముందున్నారని చూపించారు. మనకి పొరుగునే, ఒడిశా కొండల్లో, అజిత్ మొహంతి కోందు పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. కుయీ, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు ఒడియా ఒక్కటే వచ్చిన పిల్లలకంటే ఆలోచనకి సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా చేశారు. రెండు భాషలు నేర్పితే తెలివి పెరిగిపోతుందని ప్రచారం చేయడం నా ఉద్దేశం కాదు. ఆ లాభం ఎంత అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదం నడుస్తోంది. నష్టం లేదన్నది మాత్రం స్థిరపడిన విషయం.

మరి పిల్లలు భాషలు కలిపేస్తారు కదా? కలుపుతారు. ఎలా కలుపుతారో ఒకసారి చెవి పెట్టి వినండి. "నాన్నా, డాగ్‌లు వస్తున్నాయి" అంటుంది మూడేళ్ళ పాప. డాగ్ ఇంగ్లిషు, 'లు' తెలుగు బహువచనం, క్రియ దానికి తగ్గట్టు 'వస్తున్నాయి'. "నేను ఈట్ చేశాను" అంటాడు ఇంకొకడు. మనం "ఫోన్ చేశాను, కాపీ చేశాను" అనేది సరిగ్గా ఇదే పద్ధతిలో. అంటే ఆ బిడ్డకి తెలుగు వ్యాకరణం గట్టిగా పట్టుబడింది, చేతికి అందిన మాటని అందులో అమరుస్తున్నాడు. దీన్ని జబ్బుగా చూస్తే మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ మందులు రాయాలి.

మాటలు లెక్కపెట్టేటప్పుడు కూడా ఒక పొరపాటు జరుగుతుంది. రెండేళ్ళ బిడ్డకి సుమారు యాభై మాటలు రావాలని ఎక్కడో చదివి, తెలుగువి మాత్రమే లెక్కపెట్టి ముప్పయ్యే ఉన్నాయని పరిగెత్తుకొస్తారు. తెలుగులో ముప్పయ్, అమ్మ భాషలో ఇరవై అయిదు ఉంటే బిడ్డకి యాభై అయిదు మాటలు వచ్చినట్టే. అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టండి.

బళ్ళో నోరు విప్పడు

భాష తెలియని చోటికి మనల్ని తీసుకెళ్ళి వదిలేస్తే మనం ఏం చేస్తాం? మొదట వింటాం. ఎవరు ఏ మాటకి లేస్తున్నారో, దేనికి నవ్వుతున్నారో చూస్తాం. మూడు నాలుగేళ్ళ పిల్లలూ అదే చేస్తారు. కొందరికి ఈ మౌనం కొన్ని వారాలే. కొందరికి కొన్ని నెలలు పడుతుంది. బళ్ళో నోరు విప్పని పాప ఇంటికొచ్చి బొమ్మలన్నిటినీ వరుసగా కూర్చోబెట్టి మిస్ గొంతుతో "కీప్ క్వైట్" అంటోందంటే లోపల పని జరుగుతున్నట్టే.

ఈ సమయంలో చెయ్యకూడని పని ఒకటుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ నిలబెట్టి "అంకుల్‌కి రైమ్ చెప్పు" అని పురమాయించకండి. చెప్పకపోతే "ఇంట్లో చెప్తుందండీ, ఇప్పుడే మొండికేస్తోంది" అని వాళ్ళ ఎదుటే అనకండి. బిడ్డకి ఆ భాష అంటేనే బెరుకు పుడుతుంది. టీచర్లకి నా మనవి కూడా ఇదే. తెలుగులో నీళ్ళు అడిగిన పిల్లవాడికి ముందు నీళ్ళు ఇవ్వండి, "వాటర్ కావాలా? ఇదిగో వాటర్" అనండి. ఇంగ్లిషులో అడిగేదాకా నీళ్ళు ఆపితే బిడ్డ నీళ్ళు తాగడం మానేస్తాడు. అలా మలబద్ధకంతో, మూత్రంలో మంటతో మా దగ్గరికి వచ్చిన చిన్నపిల్లలు ఉన్నారు.

నెలలు గడిచినా బళ్ళో ఒక్క మాట కూడా రాక, తన భాష తెలిసిన పిల్లలతో సైతం గుసగుసగానైనా మాట్లాడక, భయంతో బిగుసుకుపోతుంటే అది వేరే సంగతి. దానికి చికిత్స ఉంది, చూపించాలి.

ఇంగ్లిషు ఎందుకు నిలబడుతుంది

మీడియం గొడవ మన రాష్ట్రంలో చాలా నడిచింది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం తేవాలని 2019 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది. ఆ వాదనలోకి నేను వెళ్ళను, అది నా ఓపీ పరిధి కాదు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అప్పటికే ఫీజు కట్టేసి వస్తారు. వాళ్ళకి నేను చెప్పేది, బడి భాష ఏదైనా బిడ్డ బుర్రలో విషయం ఇంటి భాషలోనే ముందు కుదురుకుంటుందని.

బరువు, తేలిక అంటే ఏమిటో కూరగాయల సంచి మోసి తెలుసుకున్న బిడ్డకి 'హెవీ' అన్న మాట ఒక్క రోజులో అతుక్కుంటుంది. ఆ సంగతే తెలియని బిడ్డకి మాట, విషయం రెండూ ఒకేసారి నేర్పాలి. సైకిల్ వచ్చినవాడు స్కూటర్ మీద బాలెన్సు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు కదా. మొదటి భాషలో కథ చెప్పడం, కారణం అడగడం, నిన్నా రేపూ తేడా చెప్పడం వచ్చిన పిల్లలు రెండో భాషలోకి వాటిని మోసుకెళ్తారు. కెనడా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ చూపింది కూడా ఇదే. ఆటలో, కబుర్లలో పనికొచ్చే రెండో భాష సుమారు రెండేళ్ళలో వస్తుంది. పాఠం అర్థం చేసుకుని సొంతంగా రాసేంత భాషకి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఎల్‌కేజీలో చేరి ఏడాది కాకుండానే "ఇంకా ఫ్లూయెన్సీ రాలేదు" అనే తల్లిదండ్రులు ఈ అంకెని గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ పాడేరు గురించి చెప్పాలి. మన పిల్లలకి ఇంగ్లిషు ఎలాంటిదో, ఏజెన్సీ పిల్లలకి తెలుగు అలాంటిది. ఇంట్లో కువి, లేదా ఆదివాసీ ఒడియా. బళ్ళో మొదటి రోజు నుంచీ తెలుగు. పంతులు అడిగింది అర్థంకాక మౌనంగా ఉన్న పిల్లల్ని మందబుద్ధి అనుకున్న రోజులున్నాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేయించి, ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి నడిపించే బోధన ప్రారంభించింది. కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా వాటిలో ఉన్నాయి. ఇప్పటికీ కొండ మీద నుంచి వైద్యానికి దిగి వచ్చే చిన్నారులు నా బల్ల ముందు నోరు మెదపరు. వాళ్ళ భాష తెలిసిన ఆశా కార్యకర్త పక్కన కూర్చుంటే కడుపులో ఎక్కడ నొప్పో చక్కగా చెప్తారు. మౌనం చూసి తెలివి లెక్కగట్టకూడదని నాకు నేర్పింది వాళ్ళే.

టీవీ నేర్పుతుందిలే అనుకుంటే

ఇంగ్లిషు రైమ్స్ పెట్టి ఫోన్ చేతికిస్తే భాష వచ్చేస్తుందని చాలామంది ఆశ. 2003లో సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి చైనా భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని పన్నెండు సార్లు ఆటలాడి, పుస్తకాలు చదివి వినిపించింది. ఇంకొందరికి అదే మనిషిని వీడియోలో చూపించారు, లేదా గొంతు మాత్రమే వినిపించారు. మనిషితో గడిపిన పిల్లలు ఆ భాష శబ్దాల మధ్య తేడా పట్టుకున్నారు. మిగతా పిల్లలకి ఏమీ అంటలేదు. రెండేళ్ళలోపు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ మధ్య రోజుకి గంట దాటకూడదని పిల్లల వైద్యులం చెప్పేది ఊరికే కాదు. ఆ గంట కూడా మీరు పక్కన కూర్చుని మాట్లాడుతూ చూపిస్తేనే కాస్త ప్రయోజనం.

దీన్ని మాత్రం వాయిదా వెయ్యకండి

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. భాషలు ఎక్కువైతే మాటలు ఆలస్యమవుతాయన్న నమ్మకం చేసే అసలు హాని, నిజమైన జబ్బుని దాచిపెట్టడం.

మూడున్నరేళ్ళ పాప. తండ్రి ఉద్యోగ బదిలీల మీద రెండు ఊళ్ళు మారి విశాఖ వచ్చారు. ఇంట్లో మలయాళం, బయట హిందీ, ఇప్పుడు తెలుగు. పాపకి 'అమ్మ', 'దా' తప్ప మాటలు లేవు. "ఇన్ని భాషలు కదా, అదే సర్దుకుంటుంది" అని చూసిన వాళ్ళందరూ అన్నారట. నేను పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. తిరగలేదు. బెరా పరీక్షలో రెండు చెవులూ తీవ్రంగా దెబ్బతిన్నాయని తేలింది. పుట్టుకతో వచ్చిన లోపం. ఏడాదిలోపు పట్టుకుంటే మిషన్‌తోనో, కాక్లియర్ ఇంప్లాంట్‌తోనో మాట దక్కే అవకాశం చాలా ఎక్కువ. మూడున్నరేళ్ళకి ఆ దారి చాలా కష్టం. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న, "మేం మలయాళం మాట్లాడటం వల్లేనా?" అని. కాదమ్మా, కాదు అని ఎన్నిసార్లు చెప్పానో.

వెయ్యి మంది పసివాళ్ళలో ఒకరి నుంచి ముగ్గురు చెప్పుకోదగ్గ వినికిడి లోపంతో పుడతారు. కాబట్టి పుట్టిన నెలలోపే ఓఏఈ అనే చిన్న పరీక్ష చేయించండి. బిడ్డకి నొప్పి ఉండదు, నిద్రలో ఉండగానే నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఏడాది నిండినా బా-బా, దా-దా అనే శబ్దాలు లేకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, కావలసినది వేలు పెట్టి చూపించకపోవడం, పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకి "పాలు దా" లాంటి రెండు మాటల జోడీ లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఎన్ని భాషలున్నాయన్నది పక్కన పెట్టి డాక్టరుని కలవండి. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా అత్యవసరమే. "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు" అని నానమ్మ ధైర్యం చెప్తుంది. ఆవిడ మాట నిజమే కావచ్చు, పరీక్ష మాత్రం చేయించండి.

నిజమైన భాషా లోపం ఉంటే అది బిడ్డ మాట్లాడే అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంట్లో ధారాళంగా మాట్లాడుతూ బళ్ళో ఇంగ్లిషులో మాత్రమే తడబడితే అది లోపం కాదు, నేర్చుకునే దశ. ఆటిజం ఉన్న పిల్లలకైనా ఇంటి భాష మాన్పించనక్కర్లేదు. రెండు భాషల ఇళ్ళలో పెరిగినంత మాత్రాన వాళ్ళకి మాటలు మరింత వెనకబడవని పరిశోధనలు చూపిస్తున్నాయి.

ఖర్చుకి భయపడి ఆగిపోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో వినికిడి, మాట, ఎదుగుదల పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ నుంచైనా, పీహెచ్‌సీ నుంచైనా అక్కడికి పంపించమని అడగవచ్చు.

ఇంట్లో ఏం చెయ్యాలి

ప్రత్యేకంగా గంట కేటాయించి కూర్చోనక్కర్లేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, స్నానం చేయిస్తూ, సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడండి. "అదిగో ఓడ. ఎంత పెద్దదో చూశావా? లోపలికి వెళ్తోందా, బయటికి వెళ్తోందా?" అని అడగండి. అడిగాక ఆగండి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తొందరపడి జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. మనసులో పది లెక్కపెట్టుకునేంత సమయం ఇవ్వండి.

తప్పుగా అంటే "అలా కాదు" అని ఆపకుండా, సరైన మాటని మీ జవాబులో కలిపి తిరిగి ఇవ్వండి. బాబు "ఐ గోడ్ టు బీచ్" అంటే "అవునా, యూ వెంట్ టు ది బీచ్! ఎవరితో వెళ్ళావు?" అంటే చాలు. పాప "నిన్న వస్తాను" అంటే "నిన్న వచ్చావా? ఎవరిని చూశావు?" అనండి. బళ్ళో రేపు చెప్పబోయే పాఠం తెలిస్తే ఈ రాత్రి ఆ విషయాన్ని మీ భాషలో కథలా చెప్పండి. మొక్కల గురించైతే కుండీ దగ్గరికి తీసుకెళ్ళండి.

మీకిద్దరికీ ఇంగ్లిషు హాయిగా వస్తే ఇంట్లో మాట్లాడినా తప్పులేదు. తల్లిదండ్రులు చెరో భాష మాట్లాడినా, ఒకే మనిషి రెండూ కలిపి మాట్లాడినా బిడ్డకి ఏమీ కాదు. చూసుకోవలసింది ఒక్కటే, మీ నోట్లోంచి వచ్చే మాటలు పూర్తి వాక్యాలుగా ఉన్నాయా, ఉత్త ఆజ్ఞలుగా మిగిలాయా అని. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళ యాసతో సహా మాట్లాడనివ్వండి. "ఏటి బంగారం, ఎలాగున్నావు?" అన్న పలకరింపు విని పిల్లవాడి తెలుగు పాడైపోదు.

మీ బిడ్డ మాట గురించి ఏ చిన్న అనుమానం ఉన్నా ఓపీకి వచ్చే ముందు రెండు పనులు చేసి రండి. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు బిడ్డకి తెలియకుండా ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి, ఎందుకంటే తెల్లకోటు చూడగానే సగం మంది పిల్లలు నోరు మూసేస్తారు. బిడ్డకి వచ్చిన మాటలన్నీ, ఏ భాషవైనా సరే, సగం పలికినవైనా సరే, ఒక కాగితం మీద రాసుకు రండి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, వినికిడి పరీక్ష చేయించి ఉంటే దాని రిపోర్టు దానికి జత చేయండి.